నీళ్ల బాటిల్ సంచుల జమా ఖర్చులు, పట్టీలు సాగిన సంగతితో సహా

మా వీధి వారందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన డబ్బుకు ఇది లెక్క. ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా వీధి చివరి ప్రభుత్వ బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 64 మందికి తలా ఒక నీళ్ల బాటిల్ సంచి క్రోషే (కొక్కెం సూది) అల్లికతో చేసి ఇస్తామన్నాం. ఇచ్చాం. కాకపోతే పదకొండు రోజులు ఆలస్యమైంది, ఖర్చు కూడా అంచనా దాటింది. అందులో కొంత తప్పు కోశాధికారిగా నాది. అది దాచకుండా రాస్తున్నాను.

ముందు జమ. కర్నూలులో హంద్రీ నది వంతెన ఇవతల మన వీధిలో 37 ఇళ్లవారు ఇచ్చారు. 24 ఇళ్లు రెండేసి వందలు, 9 ఇళ్లు మూడేసి వందలు, 4 ఇళ్లు ఐదేసి వందలు, మొత్తం 9,500 రూపాయలు. నిరుటి వినాయక చవితి మండపం మిగులు 1,260. టీ బంకు దగ్గర పెట్టిన డబ్బాలో 418. మొదట అల్లిన ఆరు సంచులను చుట్టాలు ముచ్చటపడి 150 చొప్పున కొన్నారు, అది 900. అంతా కలిపి 12,078 రూపాయలు. డబ్బాలో పడినవాటికి తప్ప ప్రతి రూపాయికీ రసీదు ఉంది.

బజారులో అరవై రూపాయలకే సంచి దొరుకుతుంది కదా అని ఇద్దరు అడిగారు. దొరుకుతుంది. దాని కుట్టు ఎన్నాళ్లు ఆగుతుందో అడిగినవారు తమ పిల్లల్నే అడగవచ్చు. బడి సంచి పక్కన ఉండే వల జేబు మొదటి మూడు నెలల్లోనే చిరుగుతుంది. తర్వాత బాటిల్ చేతిలో ఉంటుంది, ఆటకు పిలుపు రాగానే గోడ వారన ఉంటుంది. మధ్యాహ్నం బడి వదిలాక అలా మిగిలిపోయిన బాటిళ్లు ఏరడం ఆయాకు రోజూ ఒక పని. ఏప్రిల్‌లో నలభై డిగ్రీలు దాటే ఊరిలో పిల్లలు నీళ్లు వదిలేసి ఇంటికి నడుస్తున్నారన్నమాట.

ఇక ఖర్చు. నర్సాపురం వైపు నుంచి మన వీధికి కోడలిగా వచ్చిన అమ్మాయి మా అందరికీ గురువు. అక్కడి ఆడవాళ్లు సన్నని దారంతో లేసు అల్లడంలో పేరున్నవాళ్లు. ఆమె మొదటి రోజే, "అక్కా, నూలే కొందాం, ఊలు వద్దు" అన్నది. కొండారెడ్డి బురుజు దగ్గరి బజారులో కిలో ఊలు 480, కిలో నూలు 740. ఆ 260 తేడా చూసి రెండు కిలోల ఊలు కొన్నది నేను. పేరుకు ఊలు గానీ అది అక్రిలిక్ అనే కృత్రిమ దారం. ఖర్చు 960.

అల్లిక బాగానే సాగింది. అడుగు గుండ్రంగా ఆరు కుట్లతో మొదలై, వరుసకు ఆరు చొప్పున పెరుగుతూ ఎనిమిదో వరుసకు 48 కుట్లు అవుతుంది. పెంచడం మరిస్తే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే పావడా అంచులా కుచ్చులు పడుతుంది. వరుస ఎక్కడ మొదలైందో తెలియడానికి పిన్నీసు గుచ్చుకున్నాం. అడుగు మీద నాలుగు వేళ్ల ఎత్తు గట్టిగా అల్లి, ఆపైన వలలా వదిలాం, ఎందుకంటే పిల్లల బాటిళ్లు ఏ రెండూ ఒక కొలతవి కావు. ముప్పాతిక లీటరుదీ లీటరుదీ ఒకే వలలో సర్దుకున్నాయి.

ఇరవై ఒక్క సంచులు పూర్తయిన రోజు రాత్రి ఒక దానిలో నిండు బాటిల్ పెట్టి మా కిటికీ ఊచకు తగిలించాను. తెల్లవారి చూస్తే బాటిల్ అడుగు గచ్చును తాకుతోంది. టేపు పెట్టి కొలిస్తే రాత్రి 88 సెంటీమీటర్లున్న పట్టీ 109 అయింది. మూడో తరగతి పిల్ల భుజాన వేసుకుంటే బాటిల్ మోకాలికి కొట్టుకుంటుంది. క్రోషే అల్లిక అంతా ఉచ్చులే. కిలో బరువు వేలాడితే ప్రతి ఉచ్చూ కొంచెం కొంచెం నిటారుగా సాగుతుంది. నేసిన నవారులో దారాలు ముందే నిటారుగా ఉంటాయి కాబట్టి అది సాగదు. ఇది నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అని రాయబోయాను, కానీ ఒకరు చెప్పారు కదా.

న్యాయంగా చెప్పాలంటే నూలు పట్టీని కూడా అలాగే తగిలించి చూశాం. అదీ ఏడు సెంటీమీటర్లు సాగింది. కాబట్టి పట్టీ వెనక నవారు వేయించే ఖర్చు ఎలాగైనా తప్పేది కాదు. కోసి పారేసిన ఊలు పట్టీల విలువ 202 రూపాయలు, ఆ పదకొండు రోజులు మాత్రం నా ఖాతాలోవి. ఆ 202 నేను కడతానంటే కమిటీలో మిగతావారు ఒప్పుకోలేదు.

తర్వాత ఐదు కిలోల నూలు, 3,700. ఆదోని పత్తి మార్కెట్ మన జిల్లాలోనే ఉంది, కొన్న నూలు కోన్ల మీద చీటీ మాత్రం తమిళనాడు మిల్లుది. అన్ని పట్టీలూ నూలుతో అల్లి వెనక అంగుళం నవారు వేయించాం. నవారు 72 మీటర్లు, మీటరు 9 చొప్పున 648. దర్జీ అన్న మొదటి ఇరవైకి కూలి తీసుకోలేదు, మిగతా యాభైకి పదేసి చొప్పున 500. మిషను దారం 60. అమ్మిన ఆరు సంచుల పట్టీలు కూడా వెనక్కి తెప్పించి మార్చి ఇచ్చాం.

అల్లినవారికి డబ్బు ఇవ్వడం మీద వాదన జరిగింది. సేవకు కూలి ఏమిటని కొందరన్నారు. పదమూడు మందిలో పది మందికి అది నిజమే, వాళ్లు 32 సంచులు ఊరికే అల్లారు. మిగతా ముగ్గురికి సాయంత్రం పూట నాలుగు గంటల సేపు అల్లడం అంటే బీడీలు చుట్టడమో కుట్టుపనో మానుకోవడం. వాళ్లు అల్లిన 38 సంచులకు 80 చొప్పున 3,040 ఇచ్చాం. ఒక్కో సంచికి నాలుగు గంటలు పడుతుంది, గంటకు ఎంత పడిందో లెక్క మీరే వేసుకోండి. దీన్ని కూలి అని రాయడానికి చేయి రాక పుస్తకంలో "అల్లిక సాయం" అని రాశాను.

చిల్లర ఖర్చులు: నాలుగు మిల్లీమీటర్ల క్రోషే సూదులు 15కి 450, పిన్నీసులు 40, ఆటో రెండుసార్లు 220, జిరాక్సు 46. టీ ఖర్చు లేదు, వంతులవారీగా ఇళ్లనుంచే వచ్చింది.

మొత్తం ఖర్చు 9,664. అమ్మిన ఆరుతో కలిపి 70 సంచులు, సంచి ఒక్కటికి 138 పడింది, మేము చెప్పింది వంద. నిల్వ 2,414. అందులో టీ బంకు డబ్బాలోంచి వచ్చిన చిరిగిన ఇరవై రూపాయల నోట్లు రెండున్నాయి. దుకాణంలో తీసుకోలేదు, బ్యాంకులో మార్చాలి.

నిల్వను ఏం చేయాలన్నది మిగిలింది. పిల్లలు మాకు తెలియని పని ఒకటి కనిపెట్టారు. నీళ్ల గంట కొట్టినప్పుడు కుళాయి కింద సంచిని తడిపి కిటికీలో పెడుతున్నారు. కుండకు తడి గోనె చుట్టినట్టే, పొడి గాలికి తడి ఆరుతూ నీళ్లు కాస్త చల్లబడతాయి. నూలు సంచి తడిని పట్టుకుంటుంది, ఊలు సంచిలో నీళ్లు నిలవవు. దాంతో ఊలు సంచులు వచ్చిన 15 మంది తమకు తక్కువ రకం ఇచ్చారని అలిగారు. వాళ్ల మాట నిజం.

ఆ 15 సంచులు నూలుతో తిరిగి అల్లాలని ప్రతిపాదన. ఉన్న పట్టీలే పనికొస్తాయి. మిగిలిన 400 గ్రాముల నూలు పోగా ఇంకో 600 గ్రాములకు 444, అల్లిక సాయం 1,200, దర్జీకి 150, కలిపి 1,794. అప్పుడు నిల్వ 620. ఆదివారం సాయంత్రం ఐదింటికి వేపచెట్టు కింద కూర్చుందాం. పుస్తకం, రసీదులు, ఆ రెండు చిరిగిన నోట్లు తెస్తాను. ఈసారి నూలు కొనడానికి బజారుకు ఆ నర్సాపురం అమ్మాయి వెళ్తుంది.