మా మల్లి జబ్బు ఏంటో తేలడానికి తోడున్న అందరికీ కృతజ్ఞతలు

నిన్న మల్లిని తూచాం. 28 కిలోలు ఉంది. ఒకప్పటి 31కి ఇంకా చేరలేదు గానీ, 22కి దిగిపోయిన కుక్క ఇంతవరకు వచ్చిందంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఈ కబురు మొదట చెప్పాల్సింది మీకే. రోజూ ఫోన్ చేసి అడిగినవాళ్లు, శాంపిళ్లు పట్టుకుని తిరిగినవాళ్లు, మందు పంపినవాళ్లు ఉన్నారు. విడివిడిగా చెప్పినా తృప్తి కలగలేదు, అందుకే నలుగురి ముందూ చెబుతున్నాను. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతో వాళ్లకు తెలిసిపోతుంది.

తెలియనివాళ్ల కోసం జరిగింది కొంచెం చెప్పాలి. మల్లి జర్మన్ షెపర్డ్ కలిసిన జాతి, వయసు మూడేళ్లు. పెట్టిందల్లా తినేది, ఇంకా కావాలని గిన్నె నాకుతూ కూర్చునేది. అయినా వారం వారం చిక్కిపోయింది. పక్కటెముకలు దువ్వెన పళ్లలా బయటికి వచ్చేశాయి. నడుం మీద కండ కరిగిపోయింది, బొచ్చు జీవం లేకుండా తయారైంది. కడుపులో గుడగుడ శబ్దాలు పక్క గదిలోకి వినిపించేవి. మోషన్ ఒక్కోసారి బాగానే ఉన్నట్టుండేది, మళ్లీ రెండు రోజులకే వదులైపోయేది.

మొదట చూసిన డాక్టర్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎవరైనా ముందు చేసేదే వాళ్లూ చేశారు. నులిపురుగులకు మందు ఇచ్చారు, విరేచనాలు ఆగడానికి మందు ఇచ్చారు, తిండి మార్పించారు. మందు వాడినన్నాళ్లు కాస్త తగ్గేది, ఆపగానే మొదటికి వచ్చేది. రక్తపరీక్ష చేయిస్తే లివరు, కిడ్నీ, షుగరు అన్నీ మామూలుగానే ఉన్నాయన్నారు. స్కానింగులో కూడా ఏమీ కనబడలేదు. రిపోర్టులన్నీ బాగున్నాయి, కుక్క మాత్రం కళ్ల ముందే కరిగిపోతోంది. ఆ టెన్షన్ ఎలాంటిదో జంతువుల్ని పెంచేవాళ్లకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు.

అప్పుడు మాకు దారి చూపినవారు ఒక పెద్దాయన. పశువుల ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మేమంతా బాబాయి గారు అంటాం. ఆయన జబ్బు పేరేదీ చెప్పలేదు, మందూ చెప్పలేదు. ఒక నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మా, కుక్క తన బాధ నోటితో చెప్పలేదు. నువ్వు చూసింది చూసినట్టు రాయి. డాక్టరుకు ఇదే కావాలి" అన్నారు. ఏమేం రాయాలో కూడా ఆయనే చెప్పారు. రోజుకు ఎన్నిసార్లు మోషన్‌కి వెళ్తోంది, ఒక్కోసారి ఎంత వస్తోంది, రంగేంటి, జిగురుందా, రక్తముందా, వెళ్లేటప్పుడు ముక్కుతోందా, వాంతి అవుతోందా, నీళ్లు ఎక్కువ తాగుతోందా, ఏ పూట ఏం తిన్నది, బరువెంత. బరువు ఎప్పుడూ ఒకే తూకం మీద చూడమన్నారు. మోషన్ ఫోటో కూడా తీసి పెట్టుకోమన్నారు.

ఈ వివరాలు ఎందుకు అంత ముఖ్యమో ఆయన ఓపిగ్గా చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. పెద్దపేగులో గొడవ ఉంటే కుక్క మాటిమాటికీ వెళ్తుంది, కొంచెం కొంచెమే వస్తుంది, జిగురో ఎర్రటి రక్తమో కనబడుతుంది, ముక్కుతుంది. బరువు మాత్రం అంతగా తగ్గదు. చిన్నపేగు దగ్గరో, అరుగుదల దగ్గరో తేడా ఉంటే ఒక్కోసారి చాలా ఎక్కువ వస్తుంది, జిగురు ఉండదు, కుక్క చిక్కిపోతుంది. అలాగే తిండి మానేసి చిక్కిపోయే కుక్క వేరు, ఆబగా తింటూ చిక్కిపోయే కుక్క వేరు. మొదటి రకంలో కిడ్నీ, లివరు జబ్బులు, కాన్సర్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని వచ్చే అడిసన్స్ జబ్బు లాంటివి వెతకాలి. రెండో రకంలో పురుగులు, షుగరు, తిన్నది అరగకపోవడం, అరిగింది ఒంటికి పట్టకపోవడం వైపు ముందు చూడాలి. అన్ని కుక్కలూ ఇలా గీత గీసినట్టు రెండు వైపులకూ సర్దుకోవు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో డాక్టరుకు తెలుస్తుందన్నారు. బాబాయి గారూ, మీ నోట్‌బుక్ ఇప్పటికీ నిండుతూనే ఉంది.

ఆ నోట్‌బుక్ తీసుకుని వెళ్తే, డాక్టర్ మేడమ్, మీరు దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. బయట అంతమంది ఎదురుచూస్తున్నా తొందరపడలేదు. ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశారు. లేత రంగులో, నూనె పూసినట్టు మెరుస్తూ, తిన్నదానికి మించి వచ్చినట్టున్న ఆ మోషన్ చూసి మీరు అడిగిన ప్రశ్న అప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు: "తన మలం తనే తింటోందా?" అవును, తింటోంది. అదొక పాడు అలవాటు అని మా ఇంట్లో కోప్పడేవాళ్లం కూడా. ఒంటికి ఏదీ పట్టనప్పుడు కుక్క ఆకలికి తాళలేక అలా చేస్తుందని మీరు చెబుతుంటే మా అమ్మ కళ్లు తుడుచుకుంది. చెప్పుకోవడానికి ఇబ్బందిపడే విషయాన్ని మీరు ఎంతో మామూలుగా అడిగారు. అలా అడగబట్టే మేమూ చెప్పగలిగాం.

ఆ తర్వాత మీరు ఒక్కో అనుమానాన్నీ పక్కకు పెడుతూ వచ్చిన పద్ధతికి ప్రత్యేకంగా దండం పెట్టాలి. జియార్డియా అనే పరాన్నజీవి మలంలో రోజూ కనబడదు, అందుకని వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు చూపించమన్నారు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గలేదు కాబట్టి పేగుల్లోంచి ప్రోటీన్ కారిపోయే జబ్బు అయ్యే అవకాశం తక్కువని వివరించారు. అడిసన్స్ జబ్బు రకరకాల వేషాల్లో వస్తుంది కాబట్టి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ చూశారు. అది డెసీలీటరుకు 2 మైక్రోగ్రాములు దాటితే ఆ జబ్బు దాదాపు లేనట్టేనట, మల్లికి దాటింది. ఇక మిగిలింది క్లోమం, అదే పాంక్రియాస్. తిన్నదాన్ని అరిగించే ఎంజైములు తయారయ్యేది అక్కడే. అవి సరిపడా రాకపోతే కుక్క ఎంత తిన్నా పస్తున్నట్టే. దీన్ని ఎక్సోక్రైన్ పాంక్రియాటిక్ ఇన్‌సఫిషియన్సీ అంటారు, పొట్టిగా ఈపీఐ.

మామూలు రక్తపరీక్షల్లో ఇది ఎందుకు దొరకలేదని నేను మళ్లీ మళ్లీ అడిగాను, మీరు విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పారు. ఎంజైములు చేసే భాగం సుమారు 90 శాతం పోయేదాకా లక్షణాలే బయటపడవు. పడ్డాక కూడా మామూలు రక్తపరీక్షలు చాలావరకు బాగానే ఉంటాయి. రక్తంలో అమైలేజ్, లైపేజ్ అనే ఎంజైములు చూసి ఈ జబ్బును తేల్చలేం. స్కానింగులోనూ తేలదు. దీనికి టీఎల్‌ఐ అనే పరీక్ష విడిగా చేయించాలి. క్లోమం నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వచ్చే ట్రిప్సినోజెన్‌ను, అంటే ఒక అరుగుదల ఎంజైము ముడిరూపాన్ని, అది కొలుస్తుంది. మనుషులకు చేసే పరీక్ష కుక్కకు పనికిరాదు, కుక్కల కోసం తయారైనదే కావాలి. రాత్రి తిండి పెట్టకుండా పొద్దున రక్తం తీయాలి. 1988లో డేవిడ్ విలియమ్స్, రోజర్ బాట్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్కల్లో ఈ పరీక్ష ఎంత నమ్మదగినదో చూపిస్తూ పత్రం ప్రచురించారని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. వాళ్లకు ఈ మాట చేరదు, అయినా వాళ్లకూ నా కృతజ్ఞతలు.

ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడూ, నిన్ను మర్చిపోలేదు. ఈ పరీక్ష అక్కడ చేయరని, శాంపిల్ బయటికి పంపాలని తెలిసినప్పుడు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రక్తంలోంచి సీరం అనే ద్రవభాగాన్ని ఎలా వేరు చేయాలో, చల్లగా ఎలా పంపాలో నువ్వే కనుక్కుని, డ్యూటీ అయిపోయాక కూడా ఉండి ప్యాక్ చేసి పంపావు. రిపోర్టు రాగానే ఆ రాత్రివేళ ఫోన్ చేసి చెప్పావు. మల్లి అంకె 1.3. మామూలు కుక్కకు ఇంతకంటే చాలా ఎక్కువుండాలి, 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఈపీఐ అని నిర్ధారణే. బీ12 కూడా బాగా తక్కువగా ఉంది. జబ్బు ఉందని తెలిసి సంతోషపడతారా అని ఎవరైనా అడగొచ్చు. మేం పడ్డాం. దేంతో పోరాడుతున్నామో మాకు అప్పుడు తెలిసింది.

బీ12 సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని వదిలేస్తే కుక్క కోలుకోవడం కష్టమవుతుంది. బీ12 పేగుల్లోంచి ఒంటికి పట్టాలంటే ఒక ప్రోటీన్ తోడుండాలి. మనుషుల్లో అది పొట్టలో తయారవుతుంది. కుక్కల్లో ఎక్కువ భాగం క్లోమంలోనే తయారవుతుంది. క్లోమం దెబ్బతింటే అదీ కరువే. అందుకని మల్లికి వారానికొకటి చొప్పున ఆరు వారాలు ఇంజెక్షన్లు వేసి, నెల తర్వాత మరొకటి వేశారు. ఆ ఇంజెక్షన్ల కోసం ఇంటికే వచ్చిన నర్సమ్మ గారికి, మల్లి ఆమెను చూసి తోకాడించడమే మా తరఫున అందిన ఫీజు. ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు.

ఇక అక్కా, మీ గురించి. మీకు నేను ముక్కూ మొహం తెలియదు. మీ కుక్కకు ఇదే జబ్బని ఎవరో చెబితే ఫోన్ చేశాను, అంతే. క్లోమం చేయలేని ఎంజైములను తిండిలో కలిపి ఇవ్వడమే దీనికి మందు. మర్నాడే ఆ ఎంజైమ్ పౌడర్ డబ్బా ఇంటికి పంపారు, మాది వచ్చేదాకా ఆగక్కర్లేదని. ఏ పుస్తకంలోనూ దొరకని మెలకువలు మీరు చెప్పారు. ప్రతి పూటా తిండిలో పౌడర్ బాగా కలపాలి, ఒక్క ముక్క కూడా పౌడర్ లేకుండా పెట్టకూడదు. తిండి వేడిగా ఉంటే ఎంజైములు పాడవుతాయి, చల్లారాకే కలపాలి. కొన్ని కుక్కలకు ఈ పౌడర్ వల్ల నోరు ఒరుసుకుపోయి రక్తం వస్తుంది, అందుకని కాస్త తడిపి కలపాలి, వారానికోసారి చిగుళ్లు చూడాలి. పొట్టలో కరగకుండా పూత వేసిన మాత్రలు కుక్కలకు అంతగా పనిచేయవని, కొనేముందు డాక్టరును అడగమని కూడా హెచ్చరించారు. పీచు బాగా ఎక్కువున్న తిండి వద్దన్నారు. వీటిలో ప్రతిదీ నేను మేడమ్ గారితో మళ్లీ సరిచూసుకున్నాను. ఆమె మీ గురించి, "ఆవిడ బాగా చెప్పారు" అన్నారు. ఈ మాట మీకు చేరవేయాలనే ఉంది నాకు.

అంతకంటే ముఖ్యమైన సాయం ఇంకోటి చేశారు మీరు. "మోషన్ కొన్ని రోజుల్లోనే బాగుపడొచ్చు, కండ మాత్రం నెలలు పడుతుంది. మధ్యలో వెనక్కి వెళ్తుంది, కంగారుపడకు" అని ముందే చెప్పి ఉంచారు. సరిగ్గా అలాగే జరిగింది. అంతా సర్దుకుంటోందనుకునేలోపు మళ్లీ గుడగుడలు మొదలయ్యాయి. పేగుల్లో బ్యాక్టీరియా లెక్క తప్పిందని మేడమ్ టైలోసిన్ అనే యాంటీబయోటిక్ కొన్నాళ్లు వాడించారు, తగ్గింది. మీరు ముందే చెప్పకపోయి ఉంటే ఆ కొన్నాళ్లు మేం తట్టుకోలేకపోయేవాళ్లం. పౌడర్ జీవితాంతం వాడాల్సిన మందని తెలిసి మా నాన్న దిగులుపడితే, ఆయనతో గంటసేపు మాట్లాడి, ఏళ్ల తరబడి హాయిగా ఉన్న మీ కుక్క ఫోటోలు చూపించారు. ఆ రోజు నుంచి పౌడర్ కలిపే పని ఆయనే తీసుకున్నారు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వరు.

పక్కింటి అత్తయ్య గారికి కూడా కృతజ్ఞతలు. మేం ఇంట్లో లేనప్పుడు మల్లి బయట ఏదీ తినకుండా కాపలా కాసింది ఆమే. ప్రేమతో పెట్టేవాళ్లందరికీ "దానికి మందు కలపనిదే ఏమీ పెట్టకూడదు" అని నచ్చజెప్పి పంపారు. జాలితో పెట్టే ముద్దను ఆపడం తేలికైన పని కాదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి కుక్కైనా బాగా తింటూ చిక్కిపోతుంటే, నా మాట ఒక్కటి వినండి. రాసుకోండి, ఫోటోలు తీసుకోండి, టీఎల్‌ఐ, బీ12 అవసరమా అని మీ డాక్టరును అడగండి. జర్మన్ షెపర్డ్, రఫ్ కోలీ జాతుల్లో ఈపీఐ ఎక్కువగా కనిపిస్తుంది గానీ ఏ జాతికైనా రావచ్చు. ఇదే లక్షణాలు వేరే జబ్బులకీ ఉంటాయి, అందుకని పరీక్ష లేకుండా పౌడర్ మొదలుపెట్టొద్దు. ఈ జబ్బున్న కుక్కను పిల్లల కోసం జతకట్టించొద్దని కూడా మేడమ్ గట్టిగా చెప్పారు, వంశపారంపర్యంగా వచ్చే అవకాశముందట. మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది, మాకు ఆ బెంగ లేదు.

అక్క పంపిన డబ్బా బదులు కొత్తది ఇవ్వబోతే తీసుకోలేదు, అవసరమైన ఇంకో కుక్కకు ఇమ్మన్నారు. సీలు తీయని ఆ డబ్బా మా ఇంట్లో ఉంది. మీ డాక్టరు ఈపీఐ అని తేల్చి, మీ మందు రావడం ఆలస్యమైతే మొహమాటపడకుండా అడగండి. నోట్‌బుక్ పేజీల ఫోటోలు కూడా పంపిస్తాను.