మన తెలుగు సంఘం, బరీ సెయింట్ ఎడ్మండ్స్ (ఇంగ్లండ్): 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పండుగ ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి, ఈసారి నివేదిక కార్లతో మొదలుపెడుతున్నాను. ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని అదే.

మన ఊళ్లో కొత్తగా దిగినవాళ్లకు మొదట్లో అంతా బాగానే ఉంటుంది. స్టేషన్, బజారు, అబ్బే గార్డెన్స్ అన్నీ నడిచే దూరమే. డ్యూటీ రోస్టర్ చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. పొద్దుపోయాక చుట్టుపక్కల పల్లెలకు బస్సు దొరకడం కష్టం. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే కేర్ ఉద్యోగం చేసేవాళ్లకైతే కారు లేకపోతే పనే లేదు. అందుకే నైట్ షిఫ్టుల వాళ్లను దింపడానికి వాట్సాప్‌లో వంతులు వేసుకున్నాం. చలిలో తెల్లవారుజామున లేచి కారు అద్దం మీద మంచు గీకి మరీ వెళ్లినవాళ్లకు దండం పెట్టాలి. వాళ్లు పేర్లు వేయొద్దన్నారు.

ఇండియా లైసెన్సుతో ఇక్కడ నడపగలిగేది 12 నెలలే. పదో నెలలో మేలుకుంటే లాభం లేదు, ప్రాక్టికల్ టెస్టుకు తేదీ దొరకడానికే నెలలు పడుతోంది. రాగానే ప్రొవిజనల్‌కు, అంటే ఇక్కడి లెర్నర్ లైసెన్సుకు, అప్లై చేయండి. థియరీ ఫీజు 23 పౌండ్లు, పనిదినాల్లో పగటిపూట ప్రాక్టికల్‌కు 62. థియరీలో 50 ప్రశ్నలకు 43 రావాలి. అది మనవాళ్లకు నల్లేరు మీద నడకే. దెబ్బతినేది అదే పరీక్షలో, ప్రమాదం మొదలవగానే మౌస్ నొక్కాల్సిన వీడియోల దగ్గర. సైకిలు కనిపించినా క్లిక్, పిల్లి కనిపించినా క్లిక్. మరీ ఎక్కువసార్లు నొక్కితే ఆ వీడియోకు సున్నా వేస్తారు. నేనూ మొదటిసారి అలాగే పోగొట్టుకున్నాను. ఆదివారాలు ఒక సభ్యుడి ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టి ప్రాక్టీసు చేయించాం. రౌండెబౌట్ల పాఠం మాత్రం రోడ్డు మీదే. అద్దం చూస్తే సరిపోదు, చూసినట్టు ఎగ్జామినర్‌కు తెలియాలి.

కేర్ ఉద్యోగం చేసే ఒక సభ్యురాలికి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే సమయానికి జీతం కట్టలేదు. కనీస వేతనం లెక్కలో ఆ ప్రయాణం కూడా పనే. పే స్లిప్పులన్నీ వరసగా పెట్టి ఆమెను ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థకు తీసుకెళ్లాం. ఇంకా తేలలేదు. మరో మాట: 2025 జులై 22 నుంచి కేర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. ఇండియాలో ఏ ఏజెంటు ఏం చెప్పినా పైసా కట్టొద్దని మీవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

ఇక పండుగలు. ఉగాది మార్చి 30, ఆదివారం. ఆ తెల్లవారుజామునే గడియారాలు గంట ముందుకు జరిగాయి, మదరింగ్ సండే (ఇక్కడి మదర్స్ డే) కూడా ఆ రోజే. పులిహోర సగం అయ్యాక వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: “టైము మారిందని మర్చిపోయాం!” వేపపువ్వు ఇండియా నుంచి తెచ్చుకున్న ఎండుదే. బతుకమ్మను సెలవు చూసుకుని సెప్టెంబర్ 27, శనివారం ఆడాం. ఆ రోజు సంత ఉంది కాబట్టి పొద్దున్నే వెళ్లి చామంతులు, డాలియాలు తెచ్చాం. తంగేడు, గునుగు లేని బతుకమ్మ ఏం బతుకమ్మ అని పెద్దావిడ ఒకరు గొణిగారు. పేర్చాక ఎక్కువ ఫొటోలు దిగింది ఆవిడే. లార్క్ నదిలో వేయకుండా నీళ్ల తొట్టిలోనే నిమజ్జనం చేశాం. దీపావళి బాగా జరిగింది, వాన తప్ప.

శరదృతువు వస్తే మన ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీ మొదలవుతుంది. చక్కెర తీసే బీట్ దుంపల లారీలు, తెల్లటి ఆవిరి, ఊరంతా మట్టీ తీపీ కలిసిన వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. బోధన్ నుంచి వచ్చిన సభ్యురాలు మాత్రం కిటికీ తెరిచి పెట్టింది. అక్కడి నిజాం షుగర్స్ 2015లో మూతపడ్డాక ఆ వాసన మళ్లీ చూడలేదట. చెరకుకూ బీట్‌కూ తేడా ఉందని వాళ్లాయన అంటే, “నీకేం తెలుసు, నువ్వు హైదరాబాదోడివి” అంది.

జమాఖర్చుల కాగితం విడిగా పంపాం. చూసి, అనుమానాలుంటే సభలో అడగండి. ఉగాదికి వాడిన పెద్ద గిన్నెలు రెండు, ఇడ్లీ పాత్ర ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నా సంక్రాంతిలోపు తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి