ఆర్ట్ ఫెయిర్ బొమ్మలూ, మా ఫ్రేముల కొత్త రేటూ

అమలాపురం చుట్టుపక్కల మా కస్టమర్లందరికీ నమస్కారమండి. కాగితం మీద బొమ్మలకి ఫ్రేము రేటు ఇంచుమించు రెట్టింపు చేశాం. "ఢిల్లీ నుంచి తెచ్చిన ప్రింటు రెండు వర్షాకాలాలకే గోధుమ మచ్చలు పడిందేంటి?" అని అడిగినవాళ్లకి జవాబు కూడా ఇందులోనే ఉంది. తప్పు ప్రింటుది కాదు, మేం కట్టిన తీరుది.

ఇన్నాళ్లూ హార్డ్‌బోర్డుకి ఫెవికాల్ రాసి బొమ్మ మొత్తం అంటించి, పైన అద్దం ఆనించేసేవాళ్లం. హార్డ్‌బోర్డులోని ఆమ్లం మెల్లగా కాగితంలోకి దిగుతుంది. అద్దం లోపలి చెమ్మ పోయే దారి లేక బూజు పడుతుంది, ఒక్కోసారి రంగు అద్దానికే అంటుకుపోతుంది. గాలిలో తేమ 70 శాతం దాటితే బూజుకి పండగే, మన లంకల్లో వానాకాలమంతా అదే పరిస్థితి.

ఇకమీదట బొమ్మ వెనకా ముందూ ఆమ్లం లేని మౌంట్ బోర్డే (ఫ్రేముల్లో వాడే దళసరి అట్ట) వాడతాం. బొమ్మని పై అంచున రెండు చోట్ల, సన్నటి జపాన్ కాగితం ముక్కలతో వేలాడదీస్తాం. జిగురు గోధుమ పిండిలోంచి తీసిన గంజితోనే. మైదా ఉడకబెట్టి మైలుతుత్తం కలిపే జిగురు వాల్‌పోస్టర్లకి సరే, బొమ్మకి కాదు. మైలుతుత్తంలోని రాగి కాగితాన్ని పెళుసు చేసేస్తుంది. అద్దానికీ బొమ్మకీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. వెనక కింది మూలల్లో రెండు కార్కు బిళ్లలు పెడతాం, గోడకి ఆనకుండా గాలి ఆడడానికి. అయినా పునాది చెమ్మ పైకెక్కే గోడకి మాత్రం తగిలించకండి, ఏ ఫ్రేమూ ఆగదు.

పాత ఫ్రేములు తెస్తే విప్పి చూస్తాం. కూలీ వద్దు, సామాను ఖర్చు ఇస్తే చాలు. పూర్తిగా అంటించేసినవి మాత్రం ఊడదీయలేం. లాగితే కాగితం పొరలుగా లేచిపోతుంది. ఉన్నమాట ముందే చెబుతున్నాం.

ఇక ఢిల్లీలో బొమ్మలు అమ్మే ఇండియా ఆర్ట్ ఫెయిర్‌కి వెళ్లేవాళ్లకి. 2008లో ప్రగతి మైదాన్‌లో మొదలైన ఈ సంత ఇప్పుడు ఓఖ్లా ఎన్ఎస్ఐసీ మైదానంలో, జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో జరుగుతుంది. ఓఖ్లా ఎన్ఎస్ఐసీ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. శని, ఆదివారాలు మధ్యాహ్నం బొమ్మ ముందు నిలబడడమే కష్టం, పొద్దున్నే తలుపు తీయగానే వెళ్లండి. వీపున సంచి ఉంటే ముందుకి తిప్పుకోండి, వెనక్కి తిరిగినప్పుడు తగిలేది దేనికో తెలీదు. బొమ్మ పక్కన ఎర్ర చుక్క ఉంటే అమ్ముడైపోయిందని. ప్రింటు మీద పెన్సిలుతో 3/25 అని ఉంటే, వేసిన 25 ప్రతుల్లో అది మూడోదని. ఏ కాగితమో, ఏ సిరాతో వేశారో బిల్లు మీదే రాయించండి.

అక్కడి ఫ్రేముతో కొనకండి, మన చెమ్మకి మళ్లీ విప్పాల్సిందే. చుట్టి ట్యూబులో ఇమ్మనండి, ట్యూబు అడ్డం 4 అంగుళాలకి తగ్గకూడదు. క్యాన్వాస్ అయితే రంగు వైపు బయటికి వచ్చేలా చుట్టాలి, రంగు దళసరిగా పూసినది అసలు చుట్టకూడదు. నాలుగువైపులా 2 అంగుళాలు ఖాళీ గుడ్డ వదలమనండి. అది లేకపోతే చెక్కకి బిగించేటప్పుడు బొమ్మ అంచులు వెనక్కి పోతాయి. మా దగ్గరికి వచ్చే గొడవల్లో సగం ఇదే.

అంత దూరం ఎందుకనుకుంటే రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన మన చిత్రకారుడే, 1925లోనే పోయారు. తోపులాట ఉండదు, దగ్గరగా నిలబడి చూడొచ్చు.

కొన్న బొమ్మ మే నెలాఖరులోపు మాకివ్వండి. ఆషాఢ శ్రావణాల్లో కాగితం బొమ్మలకి ఫ్రేము కట్టం. అప్పటికే చెమ్మ పీల్చుకున్న కాగితాన్ని లోపల మూసేస్తే బూజుని మేమే పెంచినట్టు. మాకిచ్చేదాకా ట్యూబులో ఉంచకండి, రెండు శుభ్రమైన అట్టల మధ్య బల్లపరుపుగా పెట్టండి. బీరువా పై అరలో, కలరా ఉండలు తగలకుండా.