పీఆర్సీ జీవోతో పాటే పోలిక పట్టిక ఇవ్వాలి

సంపాదకులకు,

ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 12వ పీఆర్సీ (వేతన సవరణ) 2023 జూలై 1 నుంచి వర్తించాలి. ఈ మాట ఎత్తితే చాలు, ఫిట్‌మెంట్, అంటే మూలవేతనానికి కలిపే పెంపు, ఎంత శాతం అన్నదే అందరూ అడుగుతారు. ఆ శాతాన్ని దేనిమీద కడుతున్నారు, ఏ తేదీన పోలుస్తున్నారు అన్నది ఎవరూ అడగరు. 2022 జనవరిలో 11వ పీఆర్సీ జీవోలు వచ్చినప్పుడు ప్రభుత్వం 'జీతం పెరిగింది' అంటే, సంఘాలు జీతం తగ్గించే 'రివర్స్ పీఆర్సీ' అన్నాయి. అప్పటి లెక్క విప్పి చూస్తే రెండు మాటలూ ఎలా పుట్టాయో తెలుస్తుంది.

2018 జూలై 1న 21,230 రూపాయల మూలవేతనం ఉన్న ఎస్జీటీనే (సెకండరీ గ్రేడ్ టీచర్) తీసుకుందాం. ఆనాటి డీఏ (కరువు భత్యం) 30.392 శాతం, అంటే 6,452. ఫిట్‌మెంట్ 23 శాతం, అంటే 4,883. మూడూ కలిపితే 32,565. అన్ని వేతన మెట్లూ ఉండే మాస్టర్ స్కేలులో దాని తర్వాతి స్టేజి 32,670 కాబట్టి అక్కడ ఫిక్స్ చేస్తారు. ఇందులో డీఏ 6,452 ఎలాగూ ఉద్యోగికి రావాల్సిందే, కొత్తగా ఇచ్చింది కాదు. మూలవేతనం, డీఏ కలిసిన 27,682 మీద చూస్తే 4,883 పెరుగుదల 17.64 శాతమే అవుతుంది. 2015లో అందరూ గొప్పగా చెప్పుకున్న 43 శాతానికీ ఇదే లెక్క. అప్పుడు విలీనమైన డీఏ 63.344 శాతం, కాబట్టి నికర పెరుగుదల 26.3 శాతం.

2021 డిసెంబరులో అధికారుల కమిటీ చెప్పిన 14.29 శాతం ఫిట్‌మెంట్ చూడండి. కేంద్ర 7వ వేతన సంఘం కనీస వేతనంలోనూ ఇదే అంకె కనిపిస్తుంది. అక్కడ 7,000కు 125 శాతం డీఏ కలిపితే వచ్చే 15,750ని 18,000 చేశారు. అంటే ఆ 14.29 శాతం డీఏ కలిసిన మొత్తం మీద. అదే అంకెను ఇక్కడ ఒట్టి మూలవేతనం మీద వేస్తే నికరంగా దక్కేది 10.96 శాతం. పేరుకు ఒకే శాతం, చేతికొచ్చే డబ్బు మాత్రం వేరు. 11వ పీఆర్సీ అయిన అశుతోష్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసిన 27 శాతాన్ని ఈ అంకె పక్కన పెట్టి బేరమాడటమే తప్పు.

ఇక తేదీ సంగతి. 2019 జూలై నుంచి 27 శాతం ఐఆర్ (పీఆర్సీ వచ్చేదాకా ఇచ్చే మధ్యంతర భృతి) అందుతూ వచ్చింది. మన ఎస్జీటీకి అది 5,732. ఫిట్‌మెంట్ 4,883 అయ్యేసరికి అక్కడే 849 తగ్గింది. 14.5 శాతం ఇంటి అద్దె భత్యం ఉన్న ఊళ్లో ఆయనకు 3,078 వచ్చేది. జనవరి 17 జీవో దాన్ని 8 శాతం చేయడంతో 2,614కు పడిపోయింది. స్టేజి తేడాగా కలిసొచ్చిన 105 పోను, 2018 జూలై డీఏ దగ్గరే ఆపి పోలిస్తే నెలకు 1,208 రూపాయలు తక్కువ. అదే మనిషికి 2021 జూలై వరకు రావాల్సిన డీఏలన్నీ రెండు వైపులా వేసి చూడండి. కేంద్రం 1 శాతం డీఏ పెంచితే ఇక్కడ పాత స్కేల్లో 1.048, కొత్త స్కేల్లో 0.91 శాతం. ఆ ప్రకారం పాత స్కేల్లో 53.448 శాతం, కొత్త స్కేల్లో 20.02 శాతం అవుతుంది. ఇంక్రిమెంట్లు పక్కన పెడితే పాత గ్రాస్ (మొత్తం జీతం) 41,387, కొత్త గ్రాస్ 41,824. తేడా 437 రూపాయలు, అదీ పెరుగుదలే. ఒకే ఉద్యోగి, ఒకే జీవో. తేదీ మారిస్తే కోత కాస్తా పెంపు అయింది.

ప్రభుత్వం ఈ రెండు పోలికల్లో ఏదీ చూపలేదు. పెండింగ్‌లో ఉన్న ఐదు డీఏలను కొత్త స్కేళ్లతో పాటే కలిపి, పే స్లిప్‌లో పెరిగిన మొత్తాన్ని చూపింది. ఆ డీఏలు పీఆర్సీ లేకపోయినా ఇవ్వాల్సినవే. అందుకే ఉద్యోగులు నమ్మలేదు. ఖజానా సిబ్బంది కొత్త స్కేళ్ల బిల్లులు చేయబోమన్నారు, ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ' జరిగింది. ఆ తర్వాతే అద్దె భత్యం శ్లాబులు 10, 12, 16, 24 శాతాలుగా మారాయి, ఐఆర్‌గా ఎక్కువ ఇచ్చినదాన్ని తిరిగి రాబట్టడం ఆగింది. మన ఎస్జీటీకి 12 శాతం వర్తిస్తే అద్దె భత్యమే 3,920. ఈ సవరణ ముందే చేసి ఉంటే సమ్మె నోటీసు దాకా వచ్చేది కాదు.

ఈసారి విలీనం కావాల్సిన డీఏ 33.67 శాతం. కాబట్టి 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చినా నికర పెరుగుదల 22.44 శాతమే. సంఘాల నాయకులు ఈ సంగతి సభ్యులకు ఇప్పుడే చెప్పాలి.

ప్రభుత్వాన్ని కోరేది ఇది. జీవోతో పాటే ప్రతి స్కేలుకూ ఒక పట్టిక ప్రకటించాలి. ఒకే తేదీన, రావాల్సిన డీఏలన్నీ కలిపి, అద్దె భత్యం శ్లాబు వారీగా పాత గ్రాస్, కొత్త గ్రాస్ పక్కపక్కనే ఉండాలి. నోషనల్ కాలం, అంటే పెంపు కాగితం మీదే ఉండి డబ్బు చేతికి రాని కాలం, ఎన్ని నెలలో అదే పట్టికలో రాయాలి. కిందటిసారి 2018 జూలై నుంచి 2020 మార్చి వరకు 21 నెలలు నోషనల్‌లోనే పోయాయి. అలాంటి కాలంలో రిటైరైనవారికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఇచ్చే ఏకమొత్తం) ఏ మూలవేతనం మీద కడతారో జీవో మొదట్లోనే స్పష్టం చేయాలి. 70 ఏళ్లకు 10 శాతం, 75 ఏళ్లకు 15 శాతంగా ఉన్న అదనపు పెన్షన్ కిందటిసారి 7, 12 శాతాలకు తగ్గింది. దాని మీద నిర్ణయం కూడా చర్చల చివరి రాత్రికి వదిలేయకుండా ముందే ప్రకటించాలి.

— ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి