అటక మీద దొరికిన ఇంజన్ గురించి

మామా,

నువ్వు పంపిన ఫోటో చూడగానే చేతిలో పని పక్కన పెట్టేశాను. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ రోజుల్లో మనం తీగ కట్టి చుట్టూ ఎగరేసిన బుల్లి మోడల్ విమానం ఇంజన్, ఆ 1.5 సీసీ డీజిల్, ఇన్నేళ్లు మీ అటక మీదే ఉందా! ఆదివారం దాన్ని నడిపి పాపకు చూపిస్తానన్నావు. ఈ ఆదివారానికి ఆగరా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ చూపుడు వేలు చూసుకో. మచ్చ ఇంకా ఉండే ఉంటుంది. ఆ రోజు మనం ఏం చేశామో నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది. ఎంత తిప్పినా స్టార్ట్ కావట్లేదని ఇంధనం పోస్తూ పోయాం, పైనున్న కంప్రెషన్ స్క్రూ బిగిస్తూ పోయాం. చివరికి విసిగిపోయి నువ్వు ప్రొపెల్లర్ రెక్క మీద వేలు పెట్టి ఊరికే అటూ ఇటూ కదిపావు. ఠప్పుమని వెనక్కి తన్నింది. దానికి ప్లగ్గూ లేదు, బ్యాటరీ లేదు, ఆపే స్విచ్చీ లేదు. ఇంధనంలోని ఈథర్ ఆవిరి గట్టిగా నొక్కుకుపోతే ఆ వేడికే అంటుకుంటుంది. మనం తిప్పుతున్నామా, ఆడుకుంటున్నామా అన్నది దానికి తెలియదు కదా.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక చిన్న పచ్చిక మైదానం ఉంది, పాత విమానాలు ఎగురుతాయి. శనివారాలు అక్కడికి సాయానికి వెళుతున్నాను. రెక్కలు తుడవడం, చక్రాలకు దిమ్మలు పెట్టడం, ఇలాంటివే. ఈ వేసవిలో టైగర్ మాత్ అనే పాత విమానానికి ప్రొపెల్లర్ తిప్పడం నేర్పారు. 1931లో మొదటిసారి ఎగిరిన రకం అది. దాని జిప్సీ మేజర్ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, తలకిందులుగా వేలాడుతుంటాయి, 130 హార్స్‌పవర్. 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన పస్ మాత్ విమానంలో ఉన్నదీ ఈ జిప్సీ కుటుంబపు ఇంజనే. సెల్ఫ్ స్టార్టర్ లేని విమానం ముందు ఎవరో ఒకరు నిలబడి చేత్తో తిప్పాల్సిందే.

మొదటి రెండు వారాలు నన్ను ప్రొపెల్లర్ రెక్క ముట్టుకోనివ్వలేదు. నిలబడటం నేర్పారు. తడి గడ్డి ఉంటే విమానాన్ని ఇంకోచోటికి తొయ్యాలి. మెడలో కండువా, ఐడీ కార్డు తాడు, వేలికి ఉంగరం ఉండకూడదు. వేళ్లు రెక్క అంచు చుట్టూ మడవకూడదు, అరచేయి ఆనించి లాగాలి. లాగిన ఊపుకే ఒళ్లు వెనక్కి, పక్కకి వెళ్లిపోవాలి, రెక్క వైపు తూలకూడదు.

తర్వాత మాటలు. నేను అరుస్తాను: "స్విచెస్ ఆఫ్, ఫ్యూయల్ ఆన్, థ్రాటిల్ క్లోజ్డ్." థ్రాటిల్ అంటే ఇంజన్ వేగం పెంచే, తగ్గించే మీట. పైలట్ ఒక్కొక్కటీ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పకపోతే నేను కదలను. రెక్కను నాలుగుసార్లు మెల్లగా లాగి తిప్పి ఇంధనం లోపలికి పీల్పిస్తాను. మళ్లీ కేకలు, చివర "కాంటాక్ట్", అంటే స్విచ్చులు ఆన్. ఇంజన్ తిరిగితే చాలు తనే నిప్పు పుట్టించే పరికరం మాగ్నెటో. దాని స్విచ్చులు కాక్‌పిట్ బయటే ఉంటాయి కాబట్టి అవి ఎటున్నాయో నా కళ్లతో చూసుకోవచ్చు. అప్పుడు ఒక్క లాగుడు. టక్ అని లోపల స్ప్రింగ్ వదిలిన చప్పుడు, వెంటనే పొగ, గాలి, మోత. చేత్తో తిప్పే నెమ్మదికి మాగ్నెటో సరిపడా నిప్పు పుట్టించలేదు. అందుకని ఆ స్ప్రింగ్ చుట్టుకుని ఒక్కసారిగా వదులుతుంది, దాంతో నిప్పు బలంగా వస్తుంది, కాస్త ఆలస్యంగానూ వస్తుంది. ఆ ఆలస్యం వల్లే రెక్క వెనక్కి తన్నదు.

ఇప్పుడు అసలు సంగతి విను. మన ఇంట్లో లైటు స్విచ్ ఆపితే తీగ తెగినట్టు. మాగ్నెటోకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. స్విచ్ ఆపడం అంటే ఒక తీగ ద్వారా దాన్ని ఎర్త్ చేయడం. ఆ తీగ ఎక్కడైనా తెగిందంటే, పైన స్విచ్ ఆఫ్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, మాగ్నెటో మాత్రం బతికే ఉంటుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు. హ్యాంగర్‌లో దారికి అడ్డంగా ఉందని ప్రొపెల్లర్ రెక్కను కాస్త పక్కకు నెట్టినా చాలు, ఇంజన్ అంటుకోవచ్చు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, కళ్లు మూస్తే నీ వేలే కనిపించింది. అప్పటి నుంచి ఆగి ఉన్న ప్రొపెల్లర్‌ని కూడా తిరుగుతున్నట్టే చూస్తున్నాను.

చిన్నదే కదా అనుకోకు. మన ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి పదివేల చుట్లు తిరిగితే దాని కొన గంటకు 380 కిలోమీటర్ల వేగంతో పోతుంది. లెక్క వేసి చూశాను.

సరే, ఇంజన్ సంగతి. పాత ఆముదం జిగురై బిగుసుకుపోయి ఉంటుంది. పట్టకారుతో మెలిపెట్టకు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, రెండు చుక్కల పల్చటి నూనె వెయ్యి, దానంతటదే వదులుతుంది. కంప్రెషన్ స్క్రూ రెండు చుట్లు వెనక్కి తిప్పి ఉంచు. తిరిగేటప్పుడు ఒకచోట గట్టిగా అడ్డుపడితే లోపల ఇంధనం నిండినట్టు, బలం పెడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇంధనం మనం కలిపినట్టే: ఈథర్, కిరోసిన్, ఆముదం సమపాళ్లు. కిరోసిన్‌లో ఆముదం నేరుగా కలవదు, ముందు ఈథర్‌లో ఆముదం కలిపి తర్వాత కిరోసిన్ పొయ్యాలి. ఇంట్లో మాత్రం కలపకు, ఈథర్ ఆవిరి స్టవ్ దాకా పాక్కుంటూ వెళ్లి అంటుకుంటుంది. ఆముదానికి మీ మహబూబ్‌నగర్‌లో కొదవ లేదు, కాకపోతే తలకు రాసుకునే సువాసన రకం వద్దు, శుద్ధి చేసింది కావాలి. ఇంజన్ వేడెక్కాక వచ్చే ఆ ఆముదం వాసన ఇక్కడ మోడల్ ఎగరేసేవాళ్ల దగ్గర అప్పుడప్పుడూ తగులుతుంది. మన కాలేజీ గ్రౌండ్, సాయంత్రపు ఎండ, తీగ పట్టుకుని గిరగిరా తిరుగుతున్న నువ్వు, అన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయిరా.

వేలితో తిప్పొద్దు. ఒక కర్రకు రబ్బరు గొట్టం తొడిగి దాంతో కొట్టు. ఇంజన్‌ని గట్టి చెక్కకు బోల్టులతో బిగించు. పాపని ప్రొపెల్లర్‌కు పక్కన నిలబెట్టకు, వెనక్కి, దూరంగా. రెక్క విరిగితే ముక్కలు పక్కలకే ఎగురుతాయి. ఆ పాత ప్రొపెల్లర్ అసలు వాడకు. వెలుతురులో పెట్టి మధ్య రంధ్రం దగ్గర సన్నటి పగులు ఉందేమో ఫోటో తీసి పంపు, చూడాలని ఉంది. కొత్తది నేను ఇక్కడి నుంచి తెస్తాను.

డిసెంబరు రెండో వారంలో వస్తున్నాను, టికెట్ బుక్ చేశాను. నన్ను రానివ్వు, ఇద్దరం కలిసి స్టార్ట్ చేద్దాం. "థ్రాటిల్ సెట్" అని పాపే అరవాలి, మనం తిరిగి చెప్పాలి. మన బుల్లి ఇంజన్‌కు థ్రాటిల్ లేదని తనకి చెప్పకు.

నీ పాత రూమ్మేట్