అయ్యగారి కారు ఎవరిది?

సంపాదకులు గారికి,

పోయిన నెల రెండో ఆదివారం మీ జిల్లా పేజీలో 'సరిహద్దు పాస్టర్ల వైభోగం' అంటూ వచ్చిన వార్త చదివిన రోజే రాయవలసింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

నేను పల్లెటూరి పాస్టరు కొడుకును, బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ని. మీ ఫోటోలో చర్చి పక్కన కనిపించే తెల్ల కారు మా పాస్టరుగారిది కాదు. పెళ్లికి వచ్చిన విశాఖపట్నం బంధువులది. పాస్టరుగారికి ఉన్నది సైకిలు. దాని వెనక చక్రంలో గాలి ఎంతసేపు నిలుస్తుందో ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

'విదేశీ నిధుల వరద' అన్నారు. జర్మనీ మిషనరీలు మా ఒడిశాలోని జయపురం సీమలో అడుగుపెట్టింది 1882లో. వాళ్ల పేరు చెప్పి ఇప్పటికీ మమ్మల్ని దొరల సొమ్ము తినేవాళ్లలా చూస్తున్నారు. 2020లో చట్టం సవరించాక పరదేశపు విరాళం ఏదైనా ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకు చేరాలి. మా పాస్టరుగారు గునుపూర్ దాకా వెళ్లడానికే బస్సు ఛార్జీ లెక్క చూసుకుంటారు.

పైగా 'ప్రభుత్వ గౌరవ వేతనం అదనం' అట! పాస్టర్లకు నెలకు 5,000 ప్రకటించింది ఆంధ్ర ప్రభుత్వం. మేమున్నది ఒడిశాలో. 1936లో ఒడిశాను వేరుచేస్తూ గీసిన గీతకు మేము ఎటువైపు ఉన్నామో మీ విలేకరికి ఎవరైనా చూపించండి.

నేనెరిగిన వైభోగం చెబుతాను. సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం మందిరానికి తెచ్చేవారు. నాన్నగారి జీతంలో పెద్ద భాగం అదే. ముప్ఫై ఇళ్ల బియ్యం! కొత్తవి, పాతవి, దంపుడు, ఉప్పుడు, నడుమ నాలుగు చోళ్లు (రాగులు). అన్నీ ఒక్క గిన్నెలో సమంగా ఉడుకుతాయా? సగం పలుకు, సగం జావ. సోమవారమంతా అమ్మ చేట ముందేసుకుని కూర్చునేది. అన్నమంటే అలాగే ఉంటుందనుకున్నాను, హాస్టలుకు వెళ్లేదాకా.

నాన్నగారు ఊళ్లో తెలుగులో, పుట్టాసింగి వైపు కొండల్లో సవర భాషలో ప్రసంగం చేసేవారు. కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళితే ఒడియా. బదిలీ అయితే నౌపడా-గునుపూర్ బుల్లి రైల్లో హార్మోనియం, బుట్టలో కోడిపెట్ట, మేము. (ఆ రైలును 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. అది వేరే కథ.) ఆయన్ను అయ్యగారు అనేవారు, అమ్మను అమ్మగారు. అయ్యగారికి పిడికెడు బియ్యమైనా రాసి ఉంది, అమ్మగారికి అదీ లేదు. ఆదివారపు బడి, స్త్రీల సమాజం ఆమెవే. పురుడొచ్చినా పోట్లాటొచ్చినా అర్ధరాత్రి మా తలుపే తట్టేవారు. మేము గోళీలాడితే మాత్రం 'అయ్యగారి పిల్లలే ఇలా ఉంటే' అని మొదలు.

ఇప్పుడు అసలు సంగతి. మా పాత పాస్టరుగారు నిరుడు పోయారు. ఇల్లు సంఘానిది, కొత్త పాస్టరు రావాలి కాబట్టి ఆయన భార్యను మూడు నెలల్లో ఖాళీ చేయమన్నారు. మావాళ్లూ తక్కువ తినలేదు, పట్నంలో మైకు స్పీకర్లకు చందాలు దొరుకుతాయి, ఆ తల్లికి ఒక గది అద్దె దొరకలేదు. ముప్ఫై ఏళ్లు ఊడ్చిన వాకిలి వదిలి ఆమె చెల్లెలి ఇంటి వసారాలో ఉంటున్నారు. ఒడిశా ప్రభుత్వం వితంతువులకు, వృద్ధులకు ఇచ్చే మధుబాబు పింఛను కోసం దరఖాస్తు రాసి నేనే బ్లాకు ఆఫీసుకు పట్టుకెళ్లాను. మొదటిసారి తెలుగులో ఉందని తిప్పి పంపారు. రెండోసారి ఆదాయ ధ్రువపత్రం పాతదన్నారు. మూడోసారి సాహెబు మీటింగులో ఉన్నారు. ఈ సాహెబులు ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు, ఆ మీటింగుల్లో ఏం తేలుతుందో ఆ గోడలకే తెలియాలి. నాలుగోసారి గుమాస్తా సొరుగులోంచి మీ పత్రిక తీసి బల్ల మీద పరిచాడు. 'పాస్టరు భార్యకు పింఛనెందుకు మాస్టారూ, కారుంది కదా' అన్నాడు. ఒడియావాడే, తెలుగు చక్కగా చదువుతాడు. దరఖాస్తులు తప్ప.

ఒకప్పుడు విలేకరులు సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. మా ఇంటి అరుగు మీద మజ్జిగ తాగి వెళ్లినవాళ్లున్నారు. ఇప్పుడు ఎవరి ఫోనులోంచో ఫోటో వస్తే చాలు, వార్త అయిపోతుంది. పర్లాకిమిడి దగ్గర 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు తెలుగు చర్చిల్లో నేటికీ పాడుతున్నాం. ఆయన గురించి మీ పత్రికలో నాలుగు వాక్యాలైనా నేను చూడలేదు. తెల్ల కారుకు మాత్రం అరపేజీ.

సవరణ వేయండి, అదే పేజీలో వేయండి. వేసినరోజు నాకు రెండు ప్రతులు పంపించండి, డబ్బు నేనే ఇస్తాను. ఒకటి గుమాస్తా సొరుగులో పెట్టి రావాలి.

ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
రాయగడ జిల్లా, ఒడిశా