ఆరుసార్లు ఫోన్ చేశాం, ఒక్కరూ చివరిదాకా వినలేదు

సర్వీస్ మేనేజరు గారికి,

నమస్కారమండి. అమలాపురం దగ్గర ఒక రైస్ మిల్లులో నేను కంప్యూటర్లు చూసుకుంటాను. మా సర్వరుకి రాత్రిపూట బ్యాకప్ తీసే టేప్ డ్రైవు మీ దగ్గరే కొన్నాం. ఏడేళ్ళుగా మెయింటెనెన్స్ డబ్బు గడువులోపే కడుతున్నాం. జూన్‌లో మీ ఇంజనీరు వచ్చి, డ్రైవు కేబుల్ తగిలించే కార్డు మార్చి వెళ్ళాడు. ఆ రాత్రి నుంచే బఫర్ ఎర్రర్ అంటూ బ్యాకప్ ఆగిపోతోంది.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి పది నిమిషాలు సీరియల్ నంబరు రాసుకుని, క్లీనింగ్ టేపు పెట్టమంది. పెట్టాను. మర్నాడు ఇంకో అబ్బాయి. మళ్ళీ సీరియల్ నంబరు, మళ్ళీ క్లీనింగ్ టేపు. డ్రైవు అడిగితేనే క్లీనింగ్ చెయ్యాలని మీ మాన్యువల్‌లోనే ఉందండీ అంటే, "ముందు చెప్పింది చెయ్యండి సార్" అన్నాడు. మూడో ఆయన కొత్త టేపులు కొనమన్నాడు, కొన్నాం. నాలుగో ఆయన కేబుల్ అన్నాడు, రాజమండ్రి నుంచి తెప్పించాం. ఐదో ఆయన "మీ వైపు ఉప్పుగాలి కదండీ" అన్నాడు. ఉప్పుగాలి ఏడేళ్ళుగా వీస్తూనే ఉంది. మారింది కార్డు. ఆ మాట చెప్పబోతే లైను వేరేవాళ్ళకి కలిపారు, కాసేపు పాట వినిపించి కట్ అయింది.

ఆరోసారి ఫోన్ పెట్టేసిన గంటకి "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజీ. అప్పుడు నేను డ్రైవు ముందే నిలబడి ఉన్నాను. నారింజ రంగు లైటు వెలుగుతూనే ఉంది. నాకెంత కష్టంగా అనిపించిందో మీకు ఎలా చెప్పను?

చివరికి నేనే కూర్చుని చూశాను. బ్లాకు సైజు, అంటే టేపు మీద ఒక్కో విడతకి రాసే డేటా ముక్క, 256 కేబీ ఉంటే ఆగిపోతోంది, 64కి తగ్గిస్తే అదే టేపు మీద చక్కగా రాస్తోంది. అంటే టేపూ, దాని మీద రాసే హెడ్డూ బాగానే ఉన్నాయి, అంత పెద్ద బ్లాకుని కొత్త కార్డు ఒక్కసారిగా పంపలేకపోతోంది. 64తోనే నడిపించుకుందామంటే, పాత టేపులన్నీ 256తో రాసినవి. వాటిలో ఒక్కటీ ఇప్పుడు తెరుచుకోవడం లేదు.

1996 నవంబరు తుఫానులో మిల్లు రేకులు ఎగిరిపోయి ఖాతా పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఏ రైతుకి ఎంత ఇవ్వాలో, వాళ్ళు చెప్పిందే నమ్మి లెక్క కట్టారు మా యజమాని గారు. అందుకే రోజూ పొద్దున్నే "టేపు పడిందా?" అని అడుగుతారు. మూడు నెలలుగా ఆయనకి జవాబు చెప్పలేక తల దించుకుంటున్నాను.

సార్వా కోతలు దగ్గరికొచ్చాయి, తుఫాన్ల రోజులూ అవే. ఈలోపు ఆ కార్డు గురించి తెలిసిన మనిషిని పంపండి. సెట్టింగు మారుస్తారో, పాత కార్డే మళ్ళీ పెడతారో మీ ఇష్టం. పది రోజుల్లో ఎవరూ రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని లాయరు నోటీసు పంపుతాం. మా మాట మీద మీ దగ్గర కొన్న చుట్టుపక్కల మిల్లులవాళ్ళకీ జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఫోన్ చేసేవాళ్ళని సీరియల్ నంబరు మళ్ళీ అడగొద్దనండి. ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను.

ఇట్లు,
సిస్టమ్స్ ఇన్‌చార్జి